తిన్నగా ఉన్న చెట్టు

తుఫాను తీరం దాటుతుందన్న రోజు పొద్దున్న మా ఇంట్లో ఉన్నవారి వివరాలు ఇవి. మా నాయనమ్మ చిన్నమ్మలు గారు, తూర్పు గదిలో, తన మంచం మీద. మా అమ్మ సూర్యకుమారి, వంటింట్లో, పాల గిన్నె దగ్గర. పక్కింటి కాంతం అత్త, వసారాలో, మా కుర్చీలో. మా నాన్న శివప్రసాద్, కువైట్‌లో ఉంటాడు కాబట్టి, అమ్మ ఫోనులో. లక్ష్మీప్రసన్న అనే నేను, ఇంటర్ బైపీసీ, తలుపు వెనక. వీరుగాక, ఇంట్లో లేకపోయినా ఇంటి మీదే ఉన్నట్టు లెక్కించదగిన కొబ్బరిచెట్టు ఒకటి.

మా పెరట్లో కొబ్బరిచెట్లు రెండే. ఒకటి తూర్పు గది మీదికి వాలి ఉంటుంది, లోపల ఎవరైనా రహస్యం మాట్లాడుకుంటుంటే వినడానికి వంగినట్టు. రెండోది రేకులు వేసిన పడమటి గది వెనక, పెళ్ళిచూపులకు వచ్చిన కుర్రాడిలా తిన్నగా నిలబడి ఉంటుంది. వాలిన చెట్టు కింద పెంకులు, పెంకుల కింద మంచం, మంచం మీద నాయనమ్మ. గాలికి ఆ చెట్టు పడుతుందా, పడదా? పడితే ఆవిడ మీదే పడుతుంది. ఆవిడేమో, "తెలిసినవాడెవడైనా వచ్చి చెప్తే లేస్తాను, లేపోతే లేవను" అని తేల్చేసింది.

కాబట్టి తెలిసినవాడు కావాలి.

తెలియనివాళ్ళు తెలిసినవాణ్ణి ఎలా గుర్తుపట్టాలన్న ప్రశ్న దగ్గర పెద్ద పెద్ద దేశాలే తడబడుతున్నాయని విన్నాను. మా ఇంటికి ఆ ఇబ్బంది లేదు. ఆ శాస్త్రం మా వసారాలో ఏనాడో సిద్ధమైంది. దాన్ని బతికున్నప్పుడు తాతయ్య మోకాళ్ళ విషయంలో, మోటారు పంపు విషయంలో, అమ్మ మిక్సీ విషయంలో వాడి చూశాం. మూడుసార్లూ విఫలమైంది. దాంతో స్థిరపడిపోయింది. (విఫలమైన పద్ధతిని మార్చకూడదు. మారిస్తే అన్నాళ్ళూ తప్పు చేశామని ఒప్పుకున్నట్టవుతుంది.)

దీనికి అధికారికంగా పేరు లేదు. సౌకర్యం కోసం నిపుణుల నిర్ధారణ సంఘం అంటాను. అధ్యక్షురాలు కాంతం అత్త. ఆవిడ అర్హత పక్కింట్లో ఉండటం. కోశాధికారి అమ్మ, ఎందుకంటే పాలు, పంచదార, కాఫీ పొడి ఆవిడ చేతిలో ఉంటాయి. కార్యదర్శిని నేను. నా అర్హత మాట్లాడకపోవడం. నేను మాట్లాడకపోవడాన్ని ఇంట్లో వినయం అనుకుంటారు, బయట తెలివి అనుకుంటారు. నిజానికి అది రెండూ కాదు. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు బస్సులో "ఆపండి" అనడానికి సిగ్గుపడి, తర్వాతి స్టాపులో వేరేవాళ్ళతో పాటు దిగి, కాలవ గట్టున వెనక్కి నడిచి వచ్చే మనిషిని నేను. (మా అమ్మ ఇది నా ఆరోగ్యం మీద శ్రద్ధ అనుకుంటోంది.)

సంఘం నిబంధనలు సులువు. నిపుణుడు కాఫీ తాగాలి. తాగనివాడికి మన ఇంటి మీద నమ్మకం లేదు. మన మీద నమ్మకం లేనివాణ్ణి మనమెందుకు నమ్మాలి? నిపుణుడు ప్రశ్నలు వెయ్యకూడదు. వెయ్యాల్సింది మనం. ఆయనే మనల్ని అడిగేట్టయితే ఆయన్ని పిలిచిందెందుకు? నిపుణుడు కోప్పడాలి. మర్యాదగా మాట్లాడాడంటే విషయం మీద పట్టు లేదని అర్థం. అన్నిటికంటే ముఖ్యంగా, నిపుణుడు 'తెలీదు' అనకూడదు. తెలీదు అనడానికి ఇంట్లో మేమంతా ఉన్నాం.

మొదట వచ్చింది శ్యామ్ బాబు. మా ఊళ్ళో కొబ్బరి దింపు తీసేది అతనే. చెట్టు ఉంటేనే అతనికి పని, కాబట్టి చెట్టు గురించి అతని అభిప్రాయం ఎలా ఉంటుందో ఎవరైనా ఊహించగలరు. సంఘం ఊహించలేదు. ఊహించడం నిబంధనల్లో లేదు.

"ఏమయ్యా శ్యామ్ బాబూ, ఇది పడుద్దంటావా?" అంది కాంతం అత్త.

అతను తలెత్తి కూడా చూడలేదు. "ఇదాండి? మా నాన్న ఎక్కిన చెట్టండి ఇది. నేను ఎక్కుతున్న చెట్టండి. పడితే నాతోపాటే పడాలండి."

"అంటే పడదంటావు."

"ఆయ్, పడదండి. గెలలు దింపేస్తే బరువు తగ్గుద్ది. అంతకుమించి దాన్ని ముట్టుకోకండి."

"తల కూడా ఎత్తలేదు చూడు," అంది కాంతం అత్త నాతో మెల్లగా. "తెలిసినోడికి చూడక్కర్లేదు." అతను కాఫీ తాగి, గ్లాసు చూసి, ఇంకో గ్లాసు తాగాడు. నేను మార్కులు వేశాను.

తరవాత వచ్చింది సుబ్రహ్మణ్యేశ్వరరావు మావయ్య గారు. అమ్మకు పెద్దమ్మ కొడుకు. కల్వర్టులు కట్టించి రిటైరై కొత్తపేటలో ఉంటున్నారు. (ఆయన కట్టించిన కల్వర్టుల్లో రెండు ఇప్పటికీ ఉన్నాయి. మూడోది ఎక్కడ ఉండేదో ఆయన చూపించగలరు.) తుఫానుకు అక్కడ కరెంటు పోతుందనీ, మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందనీ బ్యాగుతో సహా వచ్చారు. చెప్పులు విప్పకుండానే కోప్పడ్డారు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా సూర్యకుమారీ? నెత్తి మీద ఇంత ప్రమాదం పెట్టుకుని? ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంది, యాంగిల్ చూసుకోవక్కర్లేదా?"

"మాకేం తెలుసండి, అన్నయ్య గారూ," అంది అమ్మ, సంతోషంగా. మొత్తానికి తిట్టే మనిషి దొరికాడు.

మావయ్య గారు ఒక కన్ను మూసి, బొటనవేలు పైకెత్తి, వేలికీ చెట్టుకీ మధ్య ఏదో కొలిచారు. వేలు దించి, మళ్ళీ ఎత్తి, ఈసారి రెండో కన్ను మూశారు. రెండో కొలత మొదటిదానికి సరిపోలేదని ఆయన మొహం చెప్పింది. నోరు చెప్పలేదు.

"తాడు కట్టాలి. మంచి నైలాన్ తాడు."

"దేనికి కట్టమంటారండి?"

"అదిగో, ఆ తిన్నగా ఉన్న చెట్టు లేదూ? పిల్లర్ లాంటిది. దానికి."

ఆ చెట్టును ఆయన దగ్గరికి వెళ్ళి చూడలేదు. ఎవరమూ చూడలేదు. తిన్నగా నిలబడ్డవాణ్ణి లోకంలో ఎవరూ ఏమీ అడగరు.

మూడో నిపుణుడు మా నాన్న. నాన్న కువైట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. ఏసీలకూ కొబ్బరిచెట్లకూ సంబంధం లేదు కానీ, దూరం నుంచి వచ్చే సలహాకు మా ఇంట్లో విలువ ఎక్కువ. అమ్మ ఫోను పట్టుకుని పెరడంతా తిప్పి చూపించింది.

"సూర్యా, ఆగాగు. నాకు ఆ పడమటి చెట్టే పడేట్టు కనిపిస్తోంది."

"అది తిన్నగా ఉన్న చెట్టండి. నేనే ఫోను వంకరగా పట్టుకున్నాను."

"ఓహో. సరే, రెండిటి మొదట్లోనూ కాస్త రాళ్ళుప్పు పొయ్యండి. ఏదో వీడియోలో చూసేను."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంటికొచ్చిన మనిషి మాటకు మేం 'ఆయ్' అంటాం. అన్నాక చెయ్యాలి. ముగ్గురు మూడు రకాలుగా చెబితే, అందులో ఎవరి మాట సరైందని ఆలోచించే ఊళ్ళు కూడా ఉన్నాయట. మాకది అమర్యాద. ఒకరి మాట నిలబెట్టి ఇద్దరి మాట తీసెయ్యడం కన్నా, ముగ్గురి మాటా చేసెయ్యడం సుఖం. అందువల్ల ఆ పొద్దున్న వాలిన చెట్టు గెలలు దిగాయి. ముట్టుకోకూడదన్న చెట్టుకు తాడు కట్టాం. మొదళ్ళలో ఉప్పు పోశాం. తాడు కట్టింది కూడా శ్యామ్ బాబే, ఎందుకంటే పైకెక్కగలిగేది అతనొక్కడే.

"పడని చెట్టుకి తాడెందుకండి?" అన్నాడు పైనుంచి.

"కట్టవయ్యా," అన్నారు మావయ్య గారు కిందినుంచి.

"ఆయ్, కట్టేస్తానండి."

మధ్యాహ్నం జల్లు మొదలయ్యాక అనిత గారు వచ్చారు. తోటల గురించి ఊళ్ళవెంట తిరిగే ఉద్యాన సహాయకురాలు. అమ్మ ఎప్పుడో ఫోన్ చేస్తే ఇవాళ వీలైంది. స్కూటీ, హెల్మెట్, మోకాళ్ళ దాకా రెయిన్‌కోటు. వయసు మా కాలేజీ సీనియర్ల కంటే కొంచెం ఎక్కువ. కాంతం అత్త లేచి కుర్చీ ఇచ్చింది (ఇది మామూలు విషయం కాదు). ఆవిడ కూర్చోకుండా నేరుగా పెరట్లోకి వెళ్ళారు. కుర్చీ అలా ఖాళీగా ఉండిపోయింది. అక్కడే కొంత నష్టం జరిగింది.

రెండు చెట్ల దగ్గరా గొంతుక్కూర్చున్నారు. మట్టి వేళ్ళతో తీసి చూశారు. తిన్నగా ఉన్న చెట్టు మొదలును గోరుతో గీకి, వాసన చూశారు. ఆ తరవాత తప్పు మీద తప్పు చేశారు.

"ఇది ఎప్పట్నించి వాలి ఉందండి?"

"మా మావగారి కాలం నుంచీ," అంది నాయనమ్మ కిటికీలోంచి.

"ఈ మధ్య ఇంకా ఏమైనా వాలిందాండి, అమ్మమ్మ గారూ?"

"అది మీరు చెప్పాలి కదండీ," అంది కాంతం అత్త.

"ఈ తిన్నగా ఉన్న చెట్టుకి ఈ ఎర్ర బంక ఎన్నాళ్ళనించి కారుతోందండి?"

"కాఫీ తీసుకోండి," అంది అమ్మ.

"వద్దండి, ఏమీ అనుకోకండి. ఇంకా చాలా ఇళ్ళు తిరగాలండి." ఆవిడ లేచి చేతులు దులుపుకున్నారు. "వాలిన చెట్టు పడుద్దో లేదో నేను చెప్పలేనండి. అలా వాలే ఏళ్ళ తరబడి నిలబడినవి ఉంటాయి. తిన్నగా ఉందని దీన్నీ నమ్మలేనండి, మొదలు లోపల ఎలా ఉందో తెలీదు. గాలి తగ్గేదాకా ఈ రెండు గదుల్లోనూ ఎవరూ పడుకోకండి. మధ్య హాల్లో సర్దుకోండి. ఆ తాడు మాత్రం విప్పించేయండి. ఒకటి ఊగితే రెండోదాన్నీ లాగుద్ది."

"ఇంతకీ పడుద్దా, పడదా?" అన్నారు మావయ్య గారు.

"తెలీదండి. తెలీదు కాబట్టే పక్కకి జరగమంటున్నాను."

వసారాలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఒక మనిషి నలుగురిలో జారిపడితే చూడనట్టు నటిస్తామే, అలా.

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. ఎవరిదో అరటితోటలో నీళ్ళు నిలిచాయట. వెళుతూ వెళుతూ ఒక కర్ర ముక్క తీసి, తలుపు వెనక ఉన్న నా చేతిలో పెట్టారు. "చెల్లీ, నువ్వు బైపీసీ అట కదా. నా మాటే వినక్కర్లేదు, నువ్వే చూడు. మొదలు చుట్టూ దీంతో కొట్టు. రెండు చెట్ల చప్పుడూ పోల్చు. ఒకటి డొల్లగా వినిపిస్తే నాకు ఫోన్ చెయ్యి."

ఒక నిపుణురాలు తన మాట నమ్మొద్దని, కావాలంటే పరీక్షించుకోమని, పరీక్ష చేసే సాధనం కూడా ఇచ్చి వెళ్ళడం మా ఇంటి చరిత్రలో అదే మొదలు. నాలాంటి బైపీసీ విద్యార్థిని ఆ అవకాశాన్ని ఎలా ఉపయోగించుకుందో రాయడం నా విధి. అటు గోడ మీంచి వీధిలోవాళ్ళు తాడు చూస్తున్నారు. ఆడపిల్ల కర్ర పుచ్చుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ కొడుతుంటే ఏమనుకుంటారు? కర్రను తలుపు వెనక ఆనించి పెట్టాను. ఎలాగూ నేను ఉండేది అక్కడే కాబట్టి ఇద్దరికీ తోడు.

"ఈవిడకి ఉద్యోగం ఎలా వచ్చిందో," అంది కాంతం అత్త. "వచ్చీరాగానే ప్రశ్నలు. మన చెట్టు గురించి మననే అడుగుద్ది."

"తెలీదని రెండు మూడుసార్లు అంది," అన్నారు మావయ్య గారు. "మా రోజుల్లో అయితే పై అధికారి ముందు అలా అంటే చార్జిమెమో ఇచ్చేవారు."

మార్కులు వెయ్యమన్నారు. వేశాను. కాఫీకి సున్నా, కోపానికి సున్నా. వచ్చినందుకు వేసినవి ప్రశ్నలకు తీసేశాం. నా చేతిరాత బాగుంటుంది. సున్నాలు చాలా గుండ్రంగా వచ్చాయి.

విచిత్రం ఏమిటంటే, వచ్చినవాళ్ళందరిలో నాకు నమ్మకం కుదిరింది ఆవిడ మీదే. ఎందుకని అడిగితే నిబంధనల్లో చోటు లేని కారణం ఒక్కటే చెప్పగలను. ఆవిడ చూసినదాన్ని చూశానన్నారు, చూడనిదాన్ని చూడలేదన్నారు. మిగతావాళ్ళు ఈ రెండిటికీ తేడా చెప్పలేదు. ఇంకోటి, చెట్టు ఉన్నా, పడినా ఆవిడకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కాఫీ కూడా లేదు.

సాయంత్రానికి గాలి మొదలైంది. వాలిన చెట్టు మట్టలు నాయనమ్మ పెంకుల మీద రాసుకుంటూ చప్పుడు చేస్తున్నాయి. నాయనమ్మ తన మంచం మీదే కూర్చుని తమలపాకులకు సున్నం రాసుకుంటోంది. శ్యామ్ బాబు పడదన్నాడు, పైగా తాడు కూడా కట్టారు కాబట్టి ఆవిడకు లేవాల్సిన పని లేదు. వసారాలోకి వెళ్ళి, ఉన్న ధైర్యమంతా పోగుచేసుకుని, "అనిత గారు చెప్పినట్టు చేద్దాం" అన్నాను. నా మాట ఎవరికీ వినపడలేదు. గొంతులోంచి ఏదో వచ్చిందని గమనించిన అమ్మ, జలుబు చేసిందనుకుని మిరియాల పాలు ఇచ్చింది.

ఆ పాలు తాగుతూ ఆలోచించాను. నిజం చెబితే ఈ ఇంట్లో నడవదు. అనిత గారి సలహా మంచిదే కానీ తయారీలో లోపం ఉంది. అందులో కోపం లేదు, లెక్క లేదు. పైగా రెండు గదులూ ఖాళీ చెయ్యాలంటే హాలు కావాలి. హాల్లో దివాన్ మావయ్య గారిది, మిగతా నేలంతా కాంతం అత్త వాళ్ళది (వాళ్ళ పైకప్పు కారుతుంది). ఇంటికొచ్చినవాళ్ళను లెమ్మనడం మా వల్ల కాదు. కాబట్టి సలహాను సగానికి కోశాను. తూర్పు గది వద్దు అన్న ముక్క ఉంచి, పడమటి గది వద్దు అన్న ముక్క తీసేశాను. పడమటి గది వెనక ఉన్నది ఎటూ తిన్నగా ఉన్న చెట్టే. నిపుణుల మాటను మనకు వీలైనంత మేరకే వాడుకోవడం నేను కనిపెట్టిన పద్ధతి కాదు. డాక్టరు రాసిన మందుల్లో తియ్యగా ఉన్నదొక్కటే వేసుకునే తాతయ్య దగ్గర నేర్చుకున్నాను.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి, కాసేపు చూరు కింద నిలబడి, లోపలికి వచ్చాను.

"మా కాలేజీలో పాఠాలు చెప్పిన కామేశ్వరి మేడమ్ ఫోన్ చేసేరు. ఇప్పుడు హైదరాబాద్‌లో చెట్ల మీద పరిశోధన చేస్తున్నారు."

"ఏవన్నారు?" అంది కాంతం అత్త.

"తిట్టేరు."

మావయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఏవని తిట్టేరమ్మడూ?" అంది కాంతం అత్త.

"బుద్ధుందా అన్నారు. ఆ చెట్టు పడటానికి అరవై రెండు శాతం అవకాశం ఉందట. నాయనమ్మని వెంటనే పడమటి గదిలోకి మార్చమన్నారు."

(అరవై అంటే ఎవరో ఊహించి చెప్పినట్టుంటుంది. అరవై రెండు అంటే ఎవరో లెక్కకట్టినట్టుంటుంది. ఆ రెండు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.)

"అదీ, చదువంటే," అంది కాంతం అత్త. "చెట్టు చూడకుండానే హైదరాబాద్‌లోంచి చెప్పేసింది." లోకంలో లేని మనిషికి మా సంఘం నిండు మార్కులు ఇచ్చింది. కాఫీ ఒక్కటే బాకీ, అది కూడా వచ్చినప్పుడు ఇద్దామని అమ్మ అంది. అబద్ధం చెబుతున్నప్పుడు నా గొంతు స్పష్టంగా, చక్కగా వినపడిందని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నాయనమ్మ నన్ను కాసేపు చూసింది. "ఆయ్. అంత పెద్దావిడ చెప్పేరంటే వెళ్ళాలి మరి," అని దిండు చంకలో పెట్టుకుని, తమలపాకుల డబ్బా చేత్తో పట్టుకుని, పడమటి గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళి దుప్పటి పరిచాను. ఆ పూట నా అంత గర్వంగా అన్నం తిన్నవాళ్ళు జిల్లాలో ఉండరు.

రాత్రి గాలి సంగతి నేను రాయను. దానికి టీవీల్లో నిపుణులున్నారు. వాళ్ళు మా ఊళ్ళో లేకుండానే చాలా బాగా వర్ణించారు. వంటింట్లో నడుం వాల్చిన అమ్మకూ నాకూ, హాల్లో ఉన్నవాళ్ళకూ ఆ హోరులో ఏ చప్పుడు దేనిదో తెలియలేదు.

తెల్లారాక గాలి తగ్గింది. పెరటి తలుపు తీసి చూస్తే వాలిన చెట్టు వాలినట్టే ఉంది. తిన్నగా ఉన్న చెట్టు కనిపించలేదు. అది పడమటి గదిలో ఉంది.

రేకులు మడతలు పడి ఉన్నాయి. దూలం విరిగింది. మంచం రెండు ముక్కలై చెట్టు కింద ఉంది, నేను పరిచిన దుప్పటి కొస ఒకటి బయటికి కనిపిస్తోంది. నేను "నాయనమ్మా" అని అరిచిన అరుపు కాలవ అవతలి గట్టుకు కూడా వినపడిందట. నాకు అంత గొంతు ఉందని నాకు తెలీదు. అమ్మ వట్టి చేతులతో రేకులు లాగుతోంది, చేతులు తెగుతున్నా ఆగట్లేదు. మావయ్య గారు యాంగిల్ గురించి ఏమీ అనలేదు. నేను దుప్పటి కొస పట్టుకుని అరవై రెండు, అరవై రెండు అని లోపల అనుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు తూర్పు గది గడియ తీసిన చప్పుడైంది. నాయనమ్మ జుట్టు ముడి వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటే ఆ గోల? పాలు విరిగిపోయాయా?"

అమ్మ బురదలోనే కూర్చుండిపోయింది.

నాయనమ్మ కాఫీ తాగే లోపల సంఘం మళ్ళీ సమావేశమైంది. ఎవరు చెప్పింది నిజమైందో తేల్చాలి కదా. తేలింది. అందరిదీ నిజమైంది.

"పడదన్నానా లేదాండి?" అన్నాడు శ్యామ్ బాబు, వాలిన చెట్టును చూపించి. "మీరడిగింది దీని గురించేనండి. దాని గురించి అడగలేదండి."

"తాడు చూడండి," అన్నారు మావయ్య గారు. "ఎక్కడైనా తెగిందా? చెట్టు విరిగింది కానీ తాడు తెగలేదు. అదీ పనితనం." తాడు నిజంగానే తెగలేదు. తెగి ఉంటే ఆ చెట్టు ఇంకాసేపు నిలబడేదేమో అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆయన మా ఇంటికొచ్చిన మనిషి.

"నేను ముందే చెప్పలేదూ, ఆ పడమటి చెట్టే పడేట్టుందని?" అన్నాడు నాన్న ఫోనులోంచి. పాపం, ఆయన ఏడ్చి ఉన్నాడు, గొంతు బొంగురుగా ఉంది. అమ్మ ఈసారి ఫోను తిన్నగానే పట్టుకుంది.

కామేశ్వరి మేడమ్ ఒక్కరే తన గొప్ప చెప్పుకోలేదు. ఆవిడ తరఫున ఆ పని కాంతం అత్త చేసింది. "అరవై రెండంటే, మిగతా ముప్పై ఎనిమిదీ పడకుండా ఉండటానికేగా? ఆ ముప్పై ఎనిమిదే జరిగింది. అంత కరెక్టుగా ఎవరు చెప్తారు? అమ్మడూ, ఆవిడ నంబరివ్వు, నా మోకాలి సంగతి అడగాలి."

నేను తలుపు వెనకనుంచి కర్ర తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. విరిగిన మొదలు మీద కొట్టాను. డొల్లగా మోగింది. ఈసారి వీధిలోవాళ్ళు చూస్తున్నా కొట్టాను, కానీ అప్పటికి ఆ చప్పుడుతో ఎవరికీ పని లేదు. మొదలు లోపలంతా కాఫీ పొడిలా ఉంది. పైన బెరడు మాత్రం నున్నగా, చక్కగా, ఎవరికైనా పిల్లనిచ్చి పెళ్ళి చెయ్యొచ్చు అన్నట్టుంది. ఇంకో కొబ్బరిమొదలు దగ్గర ఎలా వినిపిస్తుందో పోల్చి చూద్దామని వాలిన చెట్టు వైపు తిరిగేసరికి మావయ్య గారు పిలిచారు. తెగని తాడును ఇప్పుడు గేటు స్తంభానికి కట్టాలట.

సాయంత్రం అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. బంగాళాఖాతంలో మరో అల్పపీడనం.

నాయనమ్మ తూర్పు గదిలో, తన మంచం మీద ఉంది. పైన మట్టలు పెంకులను రాసుకుంటున్నాయి. నేను గుమ్మం దగ్గర తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను.

"నాయనమ్మా, పడమటి గదిలోంచి ఎప్పుడు వచ్చేశావు?"

"మీరంతా అన్నాలు తింటున్నప్పుడే."

"ఎందుకు?"

"ఆ మేడమ్ ఎవరూ లేరుగా."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఫోను మోగితే పెరట్లోకి పారిపోయే పిల్లవి. అంత పెద్దావిడతో మాట్లాడొచ్చి, చెమట పట్టకుండా, గడగడా చెప్పేశావు. ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడే అనుకున్నాను."

"మరి ఆయ్ అన్నావు కదా."

"నలుగురిలో నీ మాట తీసేస్తానా?"

మా ఇంట్లో ఒక నిపుణురాలిని నిజంగా పరీక్షించిన సందర్భం ఇదొక్కటే. ఆ నిపుణురాలిని నేను, పరీక్ష తప్పాను. సంఘం నిబంధనల్లో ఒక్కటీ వాడకుండా, నాయనమ్మ నా నుదుటి మీద చెమట లేకపోవడం చూసి తేల్చేసింది. అది చూసి నాకు ఆశ పుట్టింది. ఇంత చూడగలిగిన మనిషికి నిజం చెప్పొచ్చు అనుకున్నాను.

"నాయనమ్మా, అనిత గారిని మళ్ళీ పిలుద్దాం. ఆవిడ రెండు గదులూ వద్దన్నారు. తాడు విప్పమన్నారు. నేనే సగం దాచి, మేడమ్ పేరు పెట్టి చెప్పాను. ఆవిడొచ్చి చూసేదాకా నువ్వు హాల్లో పడుకో. మావయ్య గారిని నేను అడుగుతాను, దివాన్ ఇమ్మని."

నేను ఒకరిని ఏదైనా అడుగుతాననడం నాయనమ్మ ఎప్పుడూ వినలేదు. లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఎవరూ, ఆ రెయిన్‌కోటు పిల్లా? కాఫీ వద్దని వెళ్ళిపోయింది?"

"ఆయ్. ఆవిడే."

"తనకేం తెలీదందిగా."

"తెలీదని చెప్పేరు కాబట్టే, నాయనమ్మా..."

నాయనమ్మ నిజంగానే ఆలోచించింది. పైన పెంకుల వైపు ఒకసారి చూసింది. నా చెంప మీద చెయ్యి వేసింది.

"ఇంతమంది తెలిసినవాళ్ళు చెప్తేనే మన ఇల్లు ఇలాగయ్యిందే. తెలీదన్న మనిషి చెప్పింది కూడా చేస్తే, ఇంకేమైనా మిగుల్తుందా?"

అని, నా వేళ్ళు నలగకుండా తలుపు చెక్క మీదనుంచి ఒక్కొక్కటే తీసి, తలుపు వేసుకుంది.